ఏ రివిజన్ నడుస్తోంది?

పట్టా అందుకుంటున్న మీలో ఎక్కువమంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి నేనూ తెలుగులోనే మాట్లాడతాను.

మీలో చాలామంది ఈ బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోనే ఏదో ఒక మెషిన్ షాపులో చేరతారు. సీఎన్‌సీ మెషిన్ల మీద కొందరు, క్వాలిటీలో కొందరు, డిజైన్‌లో కొందరు. ఎక్కడ చేరినా ఒక ప్రశ్న తప్పదు: ఈ జాబ్ డ్రాయింగ్‌కి ఏ రివిజన్ నడుస్తోంది?

25 మిల్లీమీటర్ల బోర్ ఉందనుకోండి. పాత డ్రాయింగ్‌లో టాలరెన్స్ హెచ్8, అంటే 33 మైక్రాన్ల దాకా ఎక్కువైనా చెల్లుతుంది. కస్టమర్ దాన్ని హెచ్7 చేసి కొత్త రివిజన్ పంపాడు. ఇప్పుడు 21 మైక్రాన్లే. ఆ కొత్త డ్రాయింగ్ ఆఫీసులో ఎవరి మెయిల్‌లోనో ఉంది, మెషిన్ దగ్గర పాతదే వేలాడుతోంది. ఆపరేటర్ తన చేతిలోని కాగితం ప్రకారం ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాడు. అయినా 21కీ 33కీ మధ్య పడ్డ ముక్కలన్నీ రిజెక్షన్ డబ్బాలోకే. మాట పడేది కూడా అతనే. నాకు బాధ కలిగించేది ఆ రెండో సంగతి.

ఇలాంటి చిక్కు విప్పడానికే కొలాబరేషన్ సర్వర్లు, కంటెంట్ మేనేజ్‌మెంట్ సర్వర్లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ 2001లో, ఓపెన్ సోర్స్‌గా ఆల్‌ఫ్రెస్కో 2005లో మొదలయ్యాయి. షేర్‌పాయింట్‌నే తీసుకుందాం. డ్రాయింగ్ మార్చాలనుకున్న ఇంజనీరు ముందు దాన్ని చెక్ అవుట్ చేస్తాడు. అతని చేతిలో ఉన్నంతసేపూ మిగతావాళ్లు చదవగలరు గానీ మార్చలేరు. పని అయ్యాక ఏం మార్చాడో ఒక వాక్యం రాసి చెక్ ఇన్ చేస్తాడు. అప్పటికింకా అది చిత్తుప్రతే. దానికి 1.1, 1.2 అని చిన్న నంబర్లు పడతాయి. అధికారం ఉన్నవాళ్లు చూసి ఆమోదించాకే 2.0 అవుతుంది. సెట్టింగులు సరిగ్గా పెడితే షాప్‌ఫ్లోర్ వాళ్లకు చిత్తుప్రతులు కనిపించవు, చివరగా ఆమోదం పొందినదే కనిపిస్తుంది. పాత ప్రతులు ఎక్కడికీ పోవు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో వరసగా నిలిచి ఉంటాయి.

ఇంకో సంగతి ఫోల్డర్లది. ఒకే డ్రాయింగ్ కస్టమర్ ఫోల్డర్‌లో ఉండాలి, మెషిన్ ఫోల్డర్‌లోనూ ఉండాలి. అందుకని కాపీ చేస్తాం. నెల తిరిగేసరికి రెండూ రెండు దారులు పడతాయి. అదే సర్వర్‌లో అయితే ఫైలు ఒక్కటే ఉంచి దానికి పార్ట్ నంబరు, కస్టమర్, మెటీరియల్, రివిజన్ అని కాలమ్‌లు తగిలిస్తారు. ఎవరికి కావలసిన వరసలో వాళ్లు చూసుకుంటారు. ఈ కాలమ్‌లు నింపడం విసుగు పనే. హడావిడిలో అందరూ వదిలేసేది కూడా ఇదే. వదిలేసిన ఫైలు మాత్రం రేపు సెర్చ్‌లో సులువుగా దొరకదు.

ఈ క్రమశిక్షణ మనకు కొత్త అనుకోకండి. మన తాలూకా కచేరీల్లో బ్రిటిష్ హయాం నుంచి టోటెన్‌హామ్ పద్ధతి నడిచింది. వచ్చిన ప్రతి కాగితానికీ కరెంట్ నంబరు, గుమాస్తా పర్సనల్ రిజిస్టర్‌లో నమోదు. పని ముగిసిన ఫైలు మీద డి.డిస్. అని గుర్తు వేస్తే పదేళ్లు, ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచాలి. ఇవాళ సర్వర్‌లో రిటెన్షన్ అని సెట్ చేసేది ఇదే. కంప్యూటర్ ముఖం చూడని గుమాస్తాలు దశాబ్దాల పాటు దీన్ని నిలబెట్టారు.

అయితే సర్వర్ పెట్టినంత మాత్రాన పని అయిపోదు, అందులోని పత్రాన్ని తెరిచి చూడాలి కూడా. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన 2023 ఆగస్టు 23న దేశమంతా కళ్లప్పగించి చూసిన కంట్రోల్ రూమ్ ఇక్కడే, పీణ్యలోని ఇస్రో వారి ఇస్ట్రాక్‌లో ఉంది. అలాంటి చోట పని చేసేవాళ్లకు నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ బాగా తెలుసు. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారకుడి దగ్గర పోయింది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలు పౌండ్-సెకన్లలో ఉన్నాయి, అందుకున్నవాళ్లు వాటిని న్యూటన్-సెకన్లు అనుకున్నారు. దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. న్యూటన్-సెకన్లే వాడాలని స్పెసిఫికేషన్ పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. పత్రం సరిగ్గానే ఉంది, దాన్ని తెరిచి సరిచూసుకోవడమే జరగలేదు.

నాలుగు మెషిన్ల షాపుకి ఖరీదైన సర్వర్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక షేర్డ్ ఫోల్డర్, ఒక రివిజన్ రిజిస్టర్, 'కంట్రోల్డ్ కాపీ' ముద్ర, పాత ప్రింట్లు వెనక్కి తీసుకునే ఒక బాధ్యుడు ఉంటే చాలు. సొంత సర్వర్ పెట్టుకుంటే దాన్ని కాపాడుకునే మనిషి కూడా ఉండాలి. 2025 జులైలో కంపెనీలు సొంతంగా నడుపుకుంటున్న షేర్‌పాయింట్ సర్వర్ల మీద ప్రపంచమంతటా దాడులు జరిగాయి. మైక్రోసాఫ్ట్ హడావిడిగా ప్యాచ్‌లు విడుదల చేయాల్సి వచ్చింది.

చివరిగా ఒక కోరిక. మీరు చేరే షాపులో ఒక పెద్ద సెట్టర్ ఉంటాడు. ఏ మెటీరియల్‌కి ఏ ఇన్‌సర్ట్ నిలుస్తుందో, ఏ ఫిక్చర్ ఎక్కడ వణుకుతుందో అతనికి తెలుసు, అది ఏ ఫైల్లోనూ లేదు. అతను రిటైరైన రోజున అదంతా అతనితోపాటే గేటు దాటుతుంది. అతని పక్కన కూర్చుని రాసుకోండి. అతను తెలుగులో చెబితే తెలుగులో, కన్నడంలో చెబితే కన్నడంలో రాయండి, సర్వర్ రెండిటినీ దాస్తుంది, వెతికి పెడుతుంది. అప్‌లోడ్ చేయగానే 'సృష్టించినవారు' అనే కాలమ్‌లో మీ లాగిన్ పేరు దానంతటదే పడుతుంది. అది చూసి ఊరుకోకండి. అడ్మిన్‌ని అడిగి 'చెప్పినవారు' అని ఇంకో కాలమ్ పెట్టించండి. అందులో ఆ సెట్టర్ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి.