ఉప్పునీటి చేపల తొట్టి – నురగ తీసే యంత్రం

(విశాఖపట్నంలో మన సంఘ సమావేశం సందర్భంగా, విశ్రాంత జీవితంలో వ్యాపకాలపై జరిగిన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం చేపల పెంపకం. ఇచ్చిన సమయం పావుగంట. బంగారు చేపల తొట్టి సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు కనుక దాని జోలికి పోను. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కావడం వల్ల మన సభ్యుల ఇళ్ళలో ఉప్పునీటి తొట్లు కూడా అక్కడక్కడా కనిపిస్తున్నాయి. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ, నారింజరంగు ఒంటిమీద తెల్ల పట్టీలున్న ఆ క్లౌన్ చేప కావాలని మనవలు అడగడం, తాతలు కొనడం మొదలైంది. రెండు నెలల్లో చేపలు చచ్చిపోవడం, తొట్టి అటకెక్కడం, పిల్లవాడు ఏడవడం కూడా చూస్తున్నాము. కారణాలు అనేకం. అందులో ఎక్కువ డబ్బు పెట్టి, తక్కువ అర్థం చేసుకుని కొనే వస్తువు ఒకటుంది. దాని పేరు ప్రొటీన్ స్కిమ్మర్. ఇవాళ నా మాటలన్నీ దాని గురించే.

అనకాపల్లి వైపు బెల్లం వండడం చూసినవారు ఈ సభలో ఉండే ఉంటారు. పెనంలో చెరకు రసం మరుగుతుంటే పైకి తేలిన తెట్టును ఎప్పటికప్పుడు తీసి పారేస్తారు. తీయకపోతే బెల్లం నల్లబడుతుంది. మన యంత్రం చేసేదీ అదే పని, నిప్పుకు బదులు గాలితో. నిలువుగా ఉండే గొట్టంలోకి తొట్టి నీటిని పంపి, అందులోకి సన్నని గాలి బుడగలు వదులుతారు. చేపల విసర్జనలోని, మిగిలిపోయిన మేతలోని మాంసకృత్తులు, కొవ్వులు మొదలైన వాటికి ఒక గుణం ఉంది. వాటి అణువులో ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నీటికి దూరంగా పోతుంది. అందుచేత అవి నీరూ గాలీ కలిసే చోటును, అంటే బుడగ ఒంటిని, అంటిపెట్టుకుంటాయి. బుడగలు పైకి వచ్చి నురగ కట్టి, సన్నని మెడ గుండా ఎక్కి, పైనున్న కప్పులో పడతాయి. ఆ కప్పు తీసి పారబోయడమే. గాలివాన వెళ్ళిన మర్నాడు బీచిలో ఒడ్డు పొడుగునా పేరుకునే నురగ కూడా ఇదే తీరున, సముద్రంలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని అలలు చిలకడం వల్ల పుడుతుంది.

ఇది ఉప్పునీటిలోనే ఎందుకు పనిచేస్తుందని అడగవచ్చు. మంచినీటిలో చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, గబుక్కున పైకి పోతాయి. ఉప్పు ఆ కలయికను అడ్డుతుంది. బుడగ మిల్లీమీటరు లోపే ఉండిపోతుంది, నీటిలో ఎక్కువసేపు నిలుస్తుంది. కనుక బంగారు చేపల తొట్టికి ఎవరైనా ఈ యంత్రం అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి.

దీనితో అన్నీ తీరిపోతాయనుకోవడం కూడా పొరపాటే. అమోనియాను, నైట్రేటును ఇది తీయలేదు. అవి పుట్టడానికి మూలమైన చెత్తలో కొంత భాగాన్ని, కుళ్ళకముందే తీసేస్తుంది, అంతే. కొత్త తొట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్కిమ్మర్ ఉంది కదా అని మొదటి వారంలోనే చేపలను దింపితే అవి బతకవు. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర ఆచార్యులు కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లను కొలిచి చూశారు. నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనంలో అవి తీయగలిగింది ఇంచుమించు 20 నుంచి 30 శాతం. పరీక్షించిన నమూనాల మధ్య పెద్ద తేడా కూడా కనబడలేదు. ఖరీదు చూసి మురిసిపోయేవారు ఈ మాట గుర్తుంచుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. నీరు మార్చే పని మాత్రం ఎవరికీ తప్పదు.

ఇక ఎంపిక. పెట్టె మీద ‘100 గాలన్ల తొట్టికి’ అని రాసి ఉంటుంది. మనం బళ్ళో చదువుకున్న గాలను సుమారు నాలుగున్నర లీటర్లు. అమెరికా గాలను 3.8 లీటర్లే. అంటే పెట్టె మీది 100 గాలన్లు మన లెక్కలో 455 లీటర్లు కాదు, 380. పైగా ఆ అంకె సాధారణంగా చేపలు పలచగా ఉన్న తొట్టికి వేసినది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో అంచు దాకా పోస్తే సుమారు 255 లీటర్లు పడతాయి. అందులో రెండు చిన్న క్లౌన్లు పెట్టి రోజుకొకసారి చిటికెడు మేత వేసే ఇల్లూ, ఎనిమిది చేపలు పెట్టి, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించి మేత వేయించే ఇల్లూ ఒకటి కాదు. కొలవవలసింది నీళ్ళను కాదు, మేతను. మేత ఎక్కువైతే పెట్టె మీది అంకె తొట్టికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. రెండు చేపలకు భారీ యంత్రం పెట్టడమూ అనవసరం. నురగ కట్టడానికి సరుకు లేక అది మెడ దాకా ఎక్కదు.

రకాల విషయానికి వస్తే, పాతకాలపు చెక్క రాళ్ళ రకం చవక. కానీ ఆ చెక్క ముక్కలు కొన్ని వారాలకే పూడుకుపోతాయి, మారుస్తూ ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి పంపు చక్రానికి సూదుల్లాంటి పళ్ళుండి గాలిని చిలికే రకం. తొట్టి వెనక అంచుకు తగిలించేవి మనవంటి వాళ్ళకు వీలు, వంగనక్కరలేదు. తొట్టి కింద పెట్టే రెండో తొట్టిని సంప్ అంటారు. అందులో పెట్టేవి బాగా పనిచేస్తాయి, కానీ అక్కడ నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మట్టం అంగుళం మారితే నురగ తీరు మారిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. చప్పుడు కూడా ఉంటుంది. పడకగదిలో పెట్టి తర్వాత వియ్యాలవారి ముందు బాధపడవద్దు.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తానంటే సంతోషించే ముందు పంపు మీద రాసినది చదివించండి. మన సభ్యులొకరి ఇంటికి అలాగే వచ్చింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది గాని హెర్ట్జ్ మారదు. ఆ పంపు తిరిగే వేగం హెర్ట్జ్ మీద ఆధారపడి ఉంటుంది కనుక ఆరో వంతు తగ్గుతుంది, గాలి తగ్గుతుంది, నురగ తగ్గుతుంది. 24 వోల్టుల డి.సి. పంపు ఉన్నవైతే, అడాప్టర్ మీద 100–240 అని ఉంటే, ఎక్కడైనా నడుస్తాయి.

కొన్న తర్వాత మొదటి వారం రెండు వారాలు ఓపిక పట్టాలి. కొత్త ప్లాస్టిక్కు మీది జిడ్డు పోయి, లోపల పలచని జీవపొర పట్టేదాకా నురగ సరిగా కట్టదు. ఈలోగా మరలు తిప్పుతూ కూర్చుంటే పని చెడుతుంది. కొంచెం తిప్పి మర్నాటి దాకా చూడాలి. బుడగలు చిలికే నీరూ నురగా విడిపోయే గీత మెడ మొదట్లో నిలిస్తే సరిగా ఉన్నట్టు. కప్పులో పడేది లేత టీ రంగులో ఉంటే తడి నురగ, చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటే పొడి నురగ. చేపలు ఎక్కువున్నప్పుడు కాస్త తడిగా ఉంచడమే నాకు మంచిదనిపిస్తుంది.

అసలు పని మెడ తుడవడం. మెడ లోపలి గోడకు జిడ్డు పేరుకుంటే నురగ దాన్ని తగలగానే విరిగి కిందికి జారిపోతుంది. మూడు నాలుగు రోజులకొకసారి కప్పు విప్పి, నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడవాలి. రెండు నిమిషాల పని. సబ్బు పెట్టవద్దు. ఏ మాత్రం మిగిలినా నురగ పొంగి కప్పు దాటి ఇల్లంతా అవుతుంది. మందులు, నీటి రసాయనాలు వేసినప్పుడూ అంతే, ఆ రోజు కప్పు మీద కన్నేసి ఉంచాలి. నురగ ఉన్నట్టుండి తగ్గితే ముందు గాలి గొట్టం చూడండి, ఉప్పు గట్టిపడి మూసుకుని ఉంటుంది. వేడినీళ్ళు పోస్తే కరుగుతుంది. మూడు నాలుగు నెలలకు పంపు విప్పి, వెనిగర్ కలిపిన నీళ్ళలో గాని, నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్ళలో గాని గంటసేపు తిప్పి, సున్నపు పొర వదిలించి, మంచినీళ్ళతో కడగాలి. లోపలి ఇరుసు చాలా రకాల్లో పింగాణీది, పెళుసు. దాన్ని ఒకవైపుకు ఒరిగించి లాగకూడదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు సంప్‌లో మట్టం పెరిగి ఉంటుంది కనుక స్కిమ్మర్ పొంగుతుంది. పది నిమిషాలాగి వేయాలి. 20 వాట్ల పంపు నెలకు 14 యూనిట్లు కాలుస్తుంది. ఇన్వర్టర్ కూడా దాన్ని మోస్తుంది. తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేటట్టు వదిలితే, జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోదు. ఉప్పునీళ్ళ దగ్గర షాకు కొట్టకుండా ఆపే బ్రేకర్ తప్పకుండా పెట్టించండి.

మరొక మాట మన ఊళ్ళకు ముఖ్యం. ఈ యంత్రం గదిలోని గాలిని గంటల తరబడి పీల్చి నీటిలో కలుపుతుంది. ఆ గదిలో దోమల చుట్టో, ద్రవపు మందో వెలిగిస్తే ఆ విషమూ నీటిలోకి పోతుంది. వాటిలోని పైరిత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ ప్రాణాంతకం. గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితే ఈ బెడద తగ్గుతుంది. లేదా ఆ గదిలో దోమతెర కట్టుకోవాలి.

సముద్రపు నీళ్ళు ఉచితమని హార్బరు దగ్గర పట్టుకురావద్దు, అక్కడ నూనె కలుస్తుంది. వానాకాలం తర్వాత మన తీరంలో ఉప్పదనం తగ్గుతుంది. అప్పుడు నురగ కూడా సరిగా కట్టదు. హైడ్రోమీటరులో 1.023 నుంచి 1.025 మధ్య ఉందో లేదో చూసుకోవాలి. పగడాలను, సముద్ర గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. ఎవరు అమ్మినా కొనవద్దు. ఈ వయసులో కేసులు మనకెందుకు?

ఏటా ఆరు నెలలు పిల్లల దగ్గరకు విదేశం వెళ్ళేవారికి నా సలహా, ఈ తొట్టి పెట్టుకోవద్దని. కప్పు పారబోసి మెడ తుడిచే మనిషి ఇంట్లో లేకపోతే మిగతావన్నీ ఉన్నా చేపలు బతకవు. పెట్టుకున్నవారు మనవడికో మనవరాలికో ఆ పని నేర్పండి. ఎనిమిదేళ్ళ పిల్లలు చేయగలరు. ప్లగ్గు తీయడం మాత్రం మీరే తీయాలి.

బయట బల్ల మీద ఒక స్కిమ్మర్ విప్పి పెట్టాను. భోజనాల విరామంలో వస్తే ఏ భాగం ఎలా ఊడుతుందో చూపిస్తాను. తడి తుడుచుకోవడానికి తువ్వాలు కూడా అక్కడే ఉంది.