గొట్టపు వంపును గీయు విధము



నేడు నేను విన్నవింపనున్న విషయము మీకు చిన్నదిగా తోచవచ్చును. నేలలో పోవు నీటిగొట్టము ఒక దిక్కు విడిచి వేరొక దిక్కునకు మరలుచోట, ఆ వంపును కాగితముమీద సరిగా గీయుట యెట్లు? ఇది ఇంజనీర్ల పని గదా, ముసలి బడిపంతులుకు దీనితో నేమి ప్రసక్తి యని కొందరనవచ్చును. నల్లగొండ, మహబూబునగరు సీమలలో నీటిగొట్టము ఎంతటి వస్తువో ఎరిగినవారు అట్లనరు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి, ఎముకలు వంగి, నడువలేక బ్రతుకులీడ్చినవారిని మనము చూచితిమి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. 2015 జూన్‌ నెలలో చౌటుప్పలులో మిషన్ భగీరథ పైలానును ఆవిష్కరించిన పిమ్మట, కృష్ణానీరు గొట్టములద్వారా ఈ మెట్టసీమకు వచ్చినది. గుట్టల నొరసి, వాగులు దాటి, రహదారుల వెంబడి వచ్చు ఆ గొట్టము ఎన్ని మలుపులు తిరుగునో చెప్పనలవి కాదు. అది తిన్నగా పోవుచోట చిక్కు తక్కువ.

రేడియోలో పటము చూపుటకు వీలులేదు. కావున మీ వాకిట కొంత ముగ్గుపిండి, రెండు మేకులు, ఒక త్రాడు ఉన్నవని భావింపుడు. వేదికలు కొలుచుటకు శుల్బసూత్రకారులు వాడిన సాధనములును మేకు, త్రాడే.

ముందుగా గీయవలసినది గొట్టపు అంచులు కావు. దాని నట్టనడుమ పోవు నడిగీత. రెండు తిన్నని భాగముల నడిగీతలను పొడిగించినచో అవి యొక మూలలో కలియును. ఆ మూలను కంటి అంచనాతో గుండ్రము చేయుట పలువురి అలవాటు. అది కూడదు. వంపు వ్యాసార్ధము 60 సెంటీమీటర్లనుకొందము. మూలకు లోపలివైపున, ఒక్కొక్క నడిగీతకు 60 సెం.మీ. ఎడముగా ఒక్కొక్క సమాంతరరేఖను గీయుడు. ఆ రెండును కలియుచోటే కేంద్రము. అక్కడ మేకు పాతి, రెండు నడిగీతలకును లంబములు దింపుడు. అవి తాకినచోట్ల తిన్నని గొట్టము ముగిసి వంపు మొదలగును. ఈ రెండు బిందువులను గుర్తింపని పటము పటమే కాదని నా అభిప్రాయము. ఫిట్టరునకు ముఖ్యముగా కావలసినవి అవియే.

ఇక అంచులు. గొట్టము వెడల్పు 30 సెం.మీ. అయినచో, ఆ మేకు చుట్టునే లోయంచును 45, వెలియంచును 75 సెం.మీ. త్రాటితో త్రిప్పవలెను. మేకు ఒకటే, త్రాటి పొడవులు రెండు. కొందరు రెండంచులకును ఒకే పొడవు త్రాడు వాడి మేకును జరుపుదురు. లంబకోణపు మలుపులో నిట్లు చేసినచో 30 సెం.మీ. గొట్టము నడుమ 42 సెం.మీ.కు ఉబ్బును. అది మేకపిల్లను మ్రింగిన కొండచిలువవలె నుండును గాని గొట్టమువలె నుండదు!

వంపు పొడవునకు లీలావతి చాలును. వ్యాసమును 3927తో గుణించి 1250తో భాగించిన సూక్ష్మపరిధి వచ్చునని భాస్కరాచార్యులు చెప్పిరి. మన వృత్తవ్యాసము 120 సెం.మీ., పరిధి 377, అందు నాలుగవ వంతు 94 సెం.మీ. పైచిలుకు. మూలవరకు పోయి మరలినట్లు కొలిచినచో 120 వచ్చును. ఒక్క మలుపుననే ఇంచుమించు 26 సెం.మీ. తేడా.

పటములో నింకొక గీత కావలెను. నడిగీతలు కలిసిన మూలను మన మేకుతో కలిపిన రేఖ కోణమును సరిసమముగా రెండు చేయును. దానినే వెలుపలికి పొడిగింపుడు. లోపలి నీరు వంపును త్రోయునది సరిగా ఆ దిక్కుననే. తొట్టిలోని నీటిమట్టము 60 మీటర్ల ఎత్తున నున్నచో, దిగువ గొట్టములో చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 6 కిలోల ఒత్తిడి. 30 సెం.మీ. గొట్టపు నోరు 707 చదరపు సెం.మీ. రెంటిని గుణించిన 4,242. లంబకోణపు మలుపున దానిని మరల 1.414తో గుణింపవలెను. ఇంచుమించు 6,000 కిలోలు! నీరు పారకయే నిండి నిలిచియున్నను ఈ త్రోపు తప్పదు. గొట్టము మరలు కోణము 45 డిగ్రీలే అయినచో అది 3,250 కిలోలకు దిగును.

అందుచేతనే, ఒకదానిలో నొకటి చొప్పించి అతుకు గొట్టములకు, మలుపు వెలుపల కాంక్రీటు దిమ్మె కట్టుదురు. ఒక ఊరిలో ఆ దిమ్మెను లోపలివైపున పోసిరి. నీరు వదలిన దినముననే అతుకు ఊడినది. మరల అతికించువరకు ఆడువారు ఆ బోరింగు నీటికే బిందెలెత్తుకొని పోయిరి. అందరును కూలివాండ్రను నిందించిరి. వారి చేతికిచ్చిన పటములో మలుపు కేవలము ఒక వంకరగీత. కేంద్రము లేదు, త్రోపు దిక్కు లేదు. వారేమి చేయుదురు?

మీ ఊరికి క్రొత్త గొట్టము వేయునప్పుడు, కందకము పూడ్చకముందే పటమడిగి చూడుడు. దిమ్మె వెనుక త్రవ్వని గట్టి నేల ఉండవలెను. పూడ్చిన వదులుమట్టికి ఆనించిన దిమ్మె గొట్టముతోపాటు జరుగును. చెలకలలో మొరము తగులువరకు త్రవ్వి దానికి ఆనించుట మేలు. నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును గనుక, అచ్చట దిమ్మె ఎంత వెడల్పుండవలెనో ఇంజనీరుగారినే అడిగి, ఆ కొలతను పటముమీద వ్రాయించుకొనుడు.