బతికున్న మందు

 

మైక్రోబయాలజీ, వృక్షశాస్త్రం చదివి పట్టాలు అందుకుంటున్న మీకు ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం కొత్తేమీ కాదు. పెట్రీ ప్లేటులో ఒక పక్క దాన్ని, ఎదురుగా తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రాన్ని వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ట్రైకోడెర్మా పోగులు శత్రువు పోగులను చుట్టుకుని, వాటి గోడల్లోని కైటిన్‌ను కరిగించి లోపలి సారం లాగేస్తాయి. కొద్దిరోజుల్లో ప్లేటంతా పచ్చబడుతుంది. 1932లోనే అమెరికాలో వైన్‌డ్లింగ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి రాశాడు.

మన డెల్టా వరికి పాముపొడ తెగులు తెచ్చేది ఆ రైజోక్టోనియానే. దుగ్గిరాల వైపు పసుపుకు దుంపకుళ్ళు బెడద. ఇలాంటి తెగుళ్ళను ఆపడానికే ట్రైకోడెర్మా. వరి కోయకముందే మాగాణిలో చల్లే మినుముకైతే దుక్కి ఉండదు కాబట్టి, చల్లేముందు విత్తనశుద్ధి చేయడమే మంచి అదను. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టిస్తే చాలు.

పసుపు, కూరగాయల రైతులు దీన్ని నీడలో పెంచుకోవచ్చు. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా గోనెపట్టాలు కప్పాలి. పాలకు తోడు వేసినట్టే ఇది. వారం పది రోజుల్లో కుప్ప మీద ముందు తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కడుతుంది. పాడైందనుకుని పారబోసే రైతుకు చెప్పండి, ఆ పచ్చదనమే మందు అని.

ఇది బతికున్న మందు. ఎండకు మాడే రేకుల షెడ్డులో నెలల తరబడి ఉంచితే చస్తుంది. కార్బెండజిమ్ అనే రసాయన శిలీంధ్రనాశినితో కలిపినా చస్తుంది. తెగులు ముదిరాక వేస్తే మొక్కను కాపాడలేదు. నిబంధనల ప్రకారం గ్రాములో కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలి. ప్యాక్ చేసిన రోజున ఉంటే సరిపోదు, రైతు సంచి విప్పిన రోజునా ఉండాలి. చచ్చిన మందుతో నష్టపోతే రైతు ఆ కంపెనీని కాదు, జీవ నియంత్రణనే నమ్మడం మానేస్తాడు. నన్ను ఎక్కువగా బాధించేది అదే.

వ్యాపారం తెలిసిన ఇళ్ళనుంచి మీలో చాలామంది వచ్చారు. రేపు మందుల దుకాణం పెట్టినా, ల్యాబ్‌లో చేరినా, రైతు సేవా కేంద్రంలో కూర్చున్నా ఒక్క పని చేయండి. వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి చిటికెడు పొడి తీసి ప్లేటు మీద వేసి చూడండి. మొలిస్తేనే రైతు చేతికివ్వండి, మొలవకపోతే వెనక్కి పంపండి.