అంగడి ఆహారము – అధికారి తనిఖీ

తనిఖీ అధికారి బజారులో అడుగుపెట్టినాడను వార్త అతని కంటె ముందుగా అంగళ్ళ వరుసలో నడచును. అంతవరకు తెరచియున్న మిఠాయి పళ్ళెములపై మూతలు పడును; నిన్నటి నూనె పెరటి దారి పట్టును. ఇది చూచి మనము నవ్వుకొందుము. కాని ఆ అధికారికి చట్టమిచ్చిన పని యేమో, అందులో మన వంతు యేమో ఆలోచించినవారము తక్కువ.

1954లో చేసిన ఆహార కల్తీ నిరోధక చట్టము 1955 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని స్థానమున, 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5 నుండి నడచుచున్నది. పాతదాని చూపు ముఖ్యముగా కల్తీ మీద. క్రొత్తది నిలువయుంచు తీరును, వంటచోటి శుభ్రతను కూడ గట్టిగా చూచును.

మాంసము సంగతియే తీసికొందము. 5 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల సూక్ష్మజీవుల వృద్ధి మందగించును. 60 డిగ్రీలు దాటిన వేడిలో అవి పెరుగజాలవు. ఈ రెంటి నడుమ వేడియే వానికి పండుగ. మన వేసవి మధ్యాహ్నము సరిగా ఆ నడుమనే యుండును. కొక్కెమునకు వ్రేలాడు మాంసము ఎఱ్ఱగా నున్నదని తాజాయని నమ్మరాదు. పచ్చి మాంసమును పై అరలో, వండినదానిని క్రింది అరలో నుంచినచో, పైనుండి కారిన నీరు వండినదానిలో పడును. రాత్రివేళ ఐసుపెట్టెకు కరెంటు తీసివేయు పొదుపరులైనచో చెప్పనే అక్కరలేదు.

2024 అక్టోబరులో హైదరాబాదులో వీథిలో అమ్మిన మోమోలు తిని ఒక స్త్రీ మరణించినది, పలువురు జబ్బుపడిరి. పచ్చి గ్రుడ్డుతో చేయు మయోనైజును తెలంగాణ ప్రభుత్వము ఆ నెల 30 నుండి ఒక సంవత్సరము నిషేధించినది. ఉడకని గ్రుడ్డులో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును.

అధికారి నమూనాను ఊరక తీసికొనిపోరాదు. బజారు ధర చెల్లించి, నాలుగు భాగములు చేసి, సీలు వేయవలెను. ఆహార విశ్లేషకుడు 14 దినములలో నివేదిక యియ్యవలెను. వర్తకుడు కోరినచో నాల్గవ భాగము గుర్తింపు గల మరియొక ప్రయోగశాలకు పోవును. కొన్నవారును రుసుము చెల్లించి పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో రుసుము తిరిగివచ్చును. అయితే కొనునపుడే ఆ సంగతి అమ్మువానికి చెప్పవలెను. అంత ధైర్యము మనలో ఎందరికి కలదో!

తోపుడు బండివాని కష్టము వేరు. రెండు బకెట్ల నీటిలో సాయంకాలమంతయు పళ్ళెములు ముంచి తీయువాడు సోమరితనముచే అట్లు చేయుట లేదు. దగ్గర కుళాయి లేదు. జరిమానా వేసి పోయిన అధికారికి మరునాడును అవే బకెట్లు కనబడును. 2014 నాటి వీథి వర్తకుల చట్టము ప్రకారము పట్టణ కమిటీలో నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వర్తకుల ప్రతినిధులే యుండవలెను. కుళాయి, మురుగుకాలువ, చెత్తతొట్టి అను మాటలు ముందుగా అక్కడ వినబడవలెనని మా అభిప్రాయము.

ఇక మన సంగతి. బజ్జీలను వార్తాపత్రికలో చుట్టరాదని 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అచ్చుసిరా వేడినూనెకు అంటుకొనును. అయినను, “ఆ కాగితములోనే వేయుమయ్యా” యని చేయి చాచుచున్నది మనమే. ఇంటినుండి ఒక గిన్నె తీసికొనిపోవుట ఎంతపని?