వారపు సెలవు - పది దినాల లెక్క

(రుద్రూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనకిప్పుడు వారంలో ఏడూ ఆదివారాలే. అయినా కార్యవర్గంవారు నన్ను సెలవు గురించే మాట్లాడమన్నారు. మన కొడుకులు, మనుమలు చాలామంది కాంట్రాక్టు కొలువుల్లో ఉన్నారు. నెలంతా సెలవు లేకుండా చేస్తున్నావేమిరా అంటే, "మాకు రూలెక్కడిది తాతా?" అంటున్నారు. రూలున్నది.

వారపు సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు కొట్లాడితే 1890 జూన్ 10న ఆదివారం సెలవు దొరికింది. (మన దగ్గర నిజాం కాలంలో ఆఫీసులకు శుక్రవారం సెలవుండేది.) స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఇది 52వ సెక్షనుగా ఉండింది.

ఆ సెక్షనులో ఒక చక్కని లెక్క ఉన్నది. ఆదివారం పనిచేయిస్తే, దానికి ముందు మూడు దినాల్లోనో తరువాత మూడు దినాల్లోనో ఒక పూర్తి దినం సెలవివ్వాలి. సరే, ఒక ఆదివారానికి బదులు ముందటి గురువారమిచ్చి, మరుసటి ఆదివారానికి బదులు దాని తరువాతి బుధవారమిస్తే? వేళ్లమీద లెక్కపెట్టండి, నడుమ 12 దినాలు పని! అందుకే సెలవు లేకుండా వరుసగా 10 దినాలకు మించి చేయించరాదని అక్కడే రాసినారు. యజమానుల లెక్కలు తెలిసినవాళ్లే రాసినారన్నమాట.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది గాని, క్రషింగు సీజను సంగతి మీకు చెప్పనక్కరలేదు. నరికిన చెరకు ఆగదు, బాయిలరు ఆగదు. ఇట్లా ఆపరాని పనులకు 64వ సెక్షను కింద మినహాయింపు ఇవ్వవచ్చు. కాని అందువల్ల పోయిన సెలవులను ఆ నెలలోనో, తరువాతి రెండు నెలల్లోనో ఒకటికి ఒకటి తిరిగి ఇవ్వాలన్నది 53వ సెక్షను. పైసలిచ్చి చెల్లుపెట్టమని అనలేదు.

ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో 26వ సెక్షను: వారంలో ఆరు దినాలకు మించి పని చేయించరాదు. మినహాయింపు ఇచ్చినచోట బదులు సెలవు పాత పద్ధతిలోనే.

నియామక పత్రం ఇవ్వాలని కూడా కోడ్ చెప్తున్నది. మీ పిల్లలను మొదట ఆ కాగితం అడగమనండి. పనిచేసిన తారీకులు సొంత నోటుబుక్కులో రాసుకొమ్మనండి. కాంట్రాక్టరు మస్టరులో ఏమి ఎక్కించుకుంటాడో మనకు కనబడదు. లేబరు ఆఫీసుకు పోవలసి వస్తే దరఖాస్తు రాసిపెట్టడానికి నేనున్నాను. పొద్దున పది గంటల దాకా ఇంట్లోనే ఉంటాను.