తోవ చూపు యంత్రముల భాష

లింగంపల్లి రైలు స్టేషనునకు దక్షిణమున, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు పడమటి వైపున గోపన్‌పల్లి యున్నది. ఒక తరము క్రిందటి వరకు పొలములు, రాతిగుట్టలు గల గ్రామము. ఇప్పుడచ్చట విప్రో సంస్థ ప్రాంగణము మొదలుగా పెద్ద కట్టడములు లేచినవి. వీనిలో ఒక గదినుండి మరొక గదికి గాని, ఒక ఖండమునుండి మరొక ఖండమునకు గాని సందేశము చేరవలెనన్నచో, నడుమనున్న రూటర్లు అను పెట్టెలు తోవ చూపవలెను. ఒక కంపెనీ రూటరు పలుకు పలుకు మరొక కంపెనీ రూటరునకు అర్థమగునా యన్నదే నేటి మా ప్రసంగ విషయము. కొనువారి సొమ్ము దీనిపై ఆధారపడియున్నది. కొన్ని యెడల మనుష్యుల ప్రాణములు కూడ ఆధారపడియున్నవి.

ప్రతి రూటరును తన పొరుగు రూటర్లతో 'నా మీదుగా ఫలానా చోటికి ఇంత దూరము' అని చెప్పుచుండును. పొరుగువారు చెప్పినది విని తన దారుల పట్టిక వ్రాసికొనును. ఈ సంభాషణకు గల నియమావళినే ప్రొటోకాలు అందురు. తొలినాళ్ల నియమావళులలో 'రిప్' అనునది యొకటి. అంతకు ముందే వాడుకలోనున్న దీనిని 1988లో లిఖితరూపమున ప్రకటించిరి. ఇది మజిలీలను మాత్రమే లెక్కించును. పదునైదు మజిలీలకు ఆవలనున్న చోటు దీని దృష్టిలో లేనట్లే. రెండు మజిలీల బండిబాట దొరికినచో, మూడు మజిలీల రాజమార్గమును విడిచి దానినే పట్టును.

ఈ లోపము తీర్చుటకై అమెరికాలోని సిస్కో సంస్థ 1980ల నడుమ ఐ.జి.ఆర్.పి. అను స్వంత నియమావళిని కల్పించెను. ఇది తీగ యెంత మోయగలదో, యెంత ఆలస్యము చేయునో కూడ లెక్కించును. 1990ల తొలినాళ్లలో దానినే పెంపొందించి ఇ.ఐ.జి.ఆర్.పి. అని తెచ్చిరి. దాని వెనుకనున్న గణితము గార్సియా-లూనా-అసెవెస్ అను శాస్త్రజ్ఞునిది. ఒక దారి తెగినచో, వలయమున చిక్కుకొనదని ముందే తేల్చియుంచిన మరొక దారికి తడవు చేయక మరలును. పనితనమును తప్పు పట్టుట మా అభిమతము కాదు. అయితే చాలకాలము ఆ భాష ఆ సంస్థ పెట్టెలకే తెలిసియుండెను.

ఒక కళాశాల పది రూటర్లు కొనెననుకొందము. ఐదేండ్లకు మరి నాలుగు కావలసివచ్చెను. టెండరు పిలిచిరి. వేరొక సంస్థ తక్కువ ధరకు ముందుకు వచ్చెను. కాని దాని పెట్టెలు పాతవానితో మాటాడజాలవు. టెండరు పేరునకే గాని, బేరము ఐదేండ్ల క్రిందటనే ముగిసినది.

ఇందుకు మారుగా 1989లో ఇంటర్నెట్ ఇంజనీర్ల మండలి ఓ.ఎస్.పి.ఎఫ్. అను నియమావళిని ప్రకటించినది. ఆ పేరులోని మొదటి అక్షరమునకు 'బహిరంగము' అనియే అర్థము. ఏ దేశపు సంస్థయైనను ఆ పత్రమును చదివి తన పెట్టెకు నేర్పుకొనవచ్చును. సిస్కో పెట్టెలకును అది వచ్చును. ఆ సంస్థ తన ఇ.ఐ.జి.ఆర్.పి.ని కూడ వెల్లడించెదమని 2013లో చెప్పి, 2016లో ఆర్.ఎఫ్.సి. 7868 అను పత్రముగా వెలువరించినది. అది సమాచారార్థము వెలువడినదే గాని, ప్రమాణముగా అంగీకృతమైనది కాదు. తలుపు తెరచుటకు ఇరువదియేండ్లు పట్టినది; అప్పటికి పొరుగువారు వేరొక యింట స్థిరపడియుండిరి.

పత్రము బహిరంగమైనంతమాత్రమున చిక్కులన్నియు తీరవు. ఒక్కొక్క పొట్లము ఎంత పెద్దదిగా నుండవచ్చునో రూటరునకు చెప్పి యుంచవలెను. సిస్కో రూటర్లు పెక్కింటిలో 1500 బైట్లని వ్రాసినచో అది లోపలి సరకు కొలత. జూనిపర్ సంస్థ రూటర్లలో పైచుట్టు 14 బైట్లను కూడ కలిపి 1514 అని వ్రాయవలెను. ఇది యెరుగక రెండు వైపుల 1500 అనియే వ్రాసినచో, ఆ రెండును ఒకదానికొకటి నమస్కారములు పెట్టుకొనుచునే యుండును. దారుల పుస్తకము ఇచ్చిపుచ్చుకొనుట మాత్రము సాగదు. నమస్కారమని వేళాకోళమునకు అనలేదు, ఆ సందేశమునకు పేరే 'హలో'. పత్రములో ఏ తప్పును లేకయే పని నిలిచిపోవును. ఇట్టి చిక్కుతో తెల్లవార్లు కూర్చున్న యువ ఇంజనీర్లు ఈ గచ్చిబౌలి, గోపన్‌పల్లి ప్రాంతమున ఉండకపోరు.

రూటర్ల మాట కలియకున్నచో ఉత్తరము చేరదు. రైళ్ల మాట కలియకున్నచో ఏమగునో ఊహింపవచ్చును. ఇందుకు ఉదాహరణ లింగంపల్లి చెంతనే కలదు. లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గముననే 'కవచ్' అను రైలు రక్షణ విధానమును పరీక్షించిరి. పట్టాల నడుమ స్లీపర్లకు బిగించిన చిన్న బిళ్లలు ఇంజనునకు తానెచ్చటనున్నదో తెలుపును. స్టేషనులోని యంత్రము రేడియోద్వారా సిగ్నలు స్థితిని తెలుపును. డ్రైవరు ఆపవలసిన చోట ఆపనిచో బ్రేకు తానై పడును. ప్రయాణికుల బండ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలైనవి. 2020 జూలైలో దీనిని జాతీయ విధానముగా స్వీకరించిరి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషనుల నడుమ ఒకే పట్టాపై రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి చూపగా, 380 మీటర్ల దూరము ఉండగనే బండి తనంత తాను నిలిచినది.

ఈ యంత్రములను చేయుటకు మొదట అనుమతి పొందిన మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ అను సంస్థలు మూడును హైదరాబాదువే. ఒకరి యంత్రము గల ఇంజను మరొకరి యంత్రము గల స్టేషనుగుండ పోక తప్పదు. కావున మాటాడవలసిన తీరును ఆ మూడు సంస్థల ఇష్టమునకు విడువక, లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థయే నిర్దేశించినది. 2024 జూలైలో ఆ నిర్దేశము యొక్క 4.0 కూర్పును ఆమోదించిరి. ఇక్కడ భాషను వ్రాసినది అమ్మువారు కాదు, కొనువారు.

కళాశాలకు గాని, పురపాలక కార్యాలయమునకు గాని రైల్వేకు గల బలము లేదు. స్వంత భాష వ్రాయించుకొనజాలవు. కాని బహిరంగ నియమావళి పేరును టెండరులో స్పష్టముగా వ్రాయవచ్చును. సొమ్ము చెల్లించుటకు ముందు, క్రొత్త పెట్టెను పాత సంస్థ పెట్టెతో ఒకే బల్లపై కలిపించి, నడుమ ఒక తీగను ఊడబెరికి, సందేశము మరొక దారిన చేరుచున్నదో లేదో దగ్గరుండి చూడవచ్చును. దీనికి ఒక దినము పట్టును.