హార్పర్స్ ఫెర్రీ: చెప్పులు విడిచి నడిచిన ఊరు



ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే మనం వాళ్ళకు చూపించే అమెరికా దాదాపు ఒకటే. నయాగరా జలపాతం, న్యూయార్క్, వైట్ హౌస్ ముందు ఒక ఫోటో, దారిలో ఒక గుడి. ఈ రోజు ఆ జాబితాలోకి సాధారణంగా ఎక్కని ఒక చిన్న ఊరి గురించి చెబుతాను. పేరు హార్పర్స్ ఫెర్రీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రం. జనాభా 300 లోపే. వాషింగ్టన్ నుంచి కారులో గంటన్నర లోపు ప్రయాణం. రైలు కూడా ఆగుతుంది.

కారు పైన విజిటర్ సెంటర్ దగ్గర పెట్టి, పార్కు వాళ్ళ బస్సులో కిందికి దిగండి. పాత వీధి చివరికి నడిస్తే మన అలంపురం దగ్గర తుంగభద్ర వెళ్ళి కృష్ణలో కలిసినట్టు, ఇక్కడ షెనండోవా వచ్చి పోటోమాక్ నదిలో కలుస్తుంది. మీరు నిలబడిన నేల వెస్ట్ వర్జీనియా, ఒక పక్క కొండ వర్జీనియా, ఎదుటి కొండ మేరీలాండ్. చర్చి పక్క రాతిమెట్లెక్కి ఇంకొంచెం పైకి పోతే జెఫర్సన్ రాయి వస్తుంది. థామస్ జెఫర్సన్ 1783లో అక్కడి నుంచి ఈ సంగమం చూసి ఎంతో మెచ్చుకుని పుస్తకంలో రాశాడు. మనుషులంతా సమానులని రాసిన ఆ చేతి కిందే వందలమంది బానిసలు ఉండేవారు. ఈ ఊరి కథంతా ఆ రెండు మాటల మధ్య తగువే.

నదీ జలాల బలంతో యంత్రాలు తిరుగుతాయని జార్జి వాషింగ్టన్ ఇక్కడ ప్రభుత్వ తుపాకుల కర్మాగారం పెట్టించాడు. 1859 అక్టోబరు 16, ఆదివారం రాత్రి, జాన్ బ్రౌన్ అనే తెల్లవాడు 21 మంది అనుచరులతో దాని మీద పడ్డాడు. అనుచరుల్లో అయిదుగురు నల్లవారు. తుపాకులు చేతికి వస్తే బానిసలు వచ్చి చేరతారని, కొండల్లో ఉండి పోరాడవచ్చని అతని ఆలోచన.

ఈ కథ పిల్లలకు చెప్పడానికి మనకొక సులువుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజు మనకు తెలుసు. ఆయన మన్యంలో పుట్టినవాడు కాదు. అయినా మన్యం వాళ్ళ కోసం ప్రాణమిచ్చాడు. బ్రౌన్ కూడా తనది కాని కష్టాన్ని తనదనుకున్నవాడే. పోలిక అక్కడితో ఆపాలి. రాజు సుమారు రెండేళ్ళు పోరాడాడు. బ్రౌన్ పని 36 గంటల్లో ముగిసింది. ఇంకో చేదు నిజం కూడా దాచకుండా చెప్పాలి. ఆ రాత్రి మొదట ప్రాణాంతకమైన గాయం తగిలినవాడు హేవర్డ్ షెపర్డ్ అనే రైల్వే సామాన్ల ఉద్యోగి. అతను బానిస కాదు, స్వేచ్ఛ ఉన్న నల్లవాడే.

బ్రౌన్ చివరకు ఫైరింజన్లు పెట్టే చిన్న ఇటుక గదిలో దాక్కున్నాడు. రాబర్ట్ లీ ఆధ్వర్యంలో వచ్చిన సైనికులు 18వ తేదీ ఉదయం తలుపు బద్దలుకొట్టి పట్టుకున్నారు. డిసెంబరు 2న దగ్గర్లోని చార్ల్స్ టౌన్‌లో ఉరితీశారు. ఏడాదిన్నర తిరక్కుండానే అంతర్యుద్ధం మొదలైంది.

ఆ యుద్ధం ఎలాంటిదో చూడాలంటే నది దాటి అరగంట పోతే షార్ప్స్‌బర్గ్ ఉంది. ఊరి పక్కనే యాంటీటమ్ యుద్ధభూమి. 1862 సెప్టెంబరు 17న ఒక్క రోజులో చనిపోయినవారు, గాయపడ్డవారు, కనబడకుండా పోయినవారు కలిపి సుమారు 23,000 మంది. ఆ పొలాల మధ్య తెల్లటి చిన్న చర్చి ఒకటుంది. అది యుద్ధమే పాపమనే డంకర్ల చర్చి! అయిదు రోజుల తర్వాత లింకన్ బానిసల విముక్తి గురించి తొలి ప్రకటన చేశాడు.

మళ్ళీ హార్పర్స్ ఫెర్రీకి రండి. యుద్ధం తర్వాత ఇక్కడి కొండ మీద, విడుదలైన బానిసల చదువు కోసం స్టోరర్ కాలేజీ వెలిసింది. 1906 ఆగస్టులో డుబాయిస్ మొదలైన నల్లజాతి నాయకులు, నయాగరా ఉద్యమం పేరుతో, సమాన హక్కుల కోసం అక్కడ సభ పెట్టారు. బ్రౌన్ దాక్కున్న ఆ ఇటుక గది అప్పటికి ఒక పొలంలో ఉంది. దాన్ని విప్పి 1893లో షికాగో ప్రదర్శనకు తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి అక్కడ కట్టారు. సభకు వచ్చినవాళ్ళు ఒక తెల్లవారుజామున ఆ పొలానికి బయల్దేరారు. దగ్గరకు రాగానే జోళ్ళు, మేజోళ్ళు విప్పి ఒట్టి కాళ్ళతో నడిచారు. గుడి ముందు చెప్పులు విడిచే మనకు దీని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇది వాళ్ళ చరిత్ర, మనకేమిటి అనిపించవచ్చు. 1923లో ఈ దేశపు సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదంది. 1946లో ఆ అర్హత వచ్చినా ఏడాదికి వందమందికే అనుమతి. 1965లో వలస చట్టం మారాకే మనలాంటివాళ్ళు పెద్ద సంఖ్యలో రాగలిగారు. నల్లవారి ఓటుహక్కును కాపాడే చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. రంగు చూసి మనుషుల్ని వేరుచేయడం తప్పని దేశం చేత ఒప్పించినవాళ్ళు లేకపోతే మన పాస్‌పోర్టుల మీద ఆ ముద్రలు పడేవా? చెప్పులు విడిచి నడిచినవాళ్ళ దారిలోనే మనం విమానం దిగాం.

ఆ ఇటుక గది 1968 నుంచి దాదాపు పాతచోటు దగ్గరే ఉంది. లోపలికి వెళ్ళి చూడవచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయల్దేరితే రెండు ఊళ్ళూ ఒక రోజులో అయిపోతాయి. నడక ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళకు మంచి బూట్లు వేయించండి. నదులను చూసి తిరిగొచ్చే ముందు పిల్లల్ని ఆ గదిలో అయిదు నిమిషాలు నిలబెట్టి ఈ కథ చెప్పండి. తెలుగులోనే చెప్పండి.